బోరు నీళ్ళ ఊళ్ళో బిడ్డకు క్లాత్ డైపర్లు మొదలుపెట్టడం ఎలా

మీ ఇంట్లో బిడ్డ పుట్టబోతున్నా, ఇప్పుడే పుట్టినా, క్లాత్ డైపర్లు వాడదామని మనసులో ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినా, ఇది మీకోసమే రాస్తున్నాను. మాది అనంతపురం. మా పాపకు ఇప్పుడు ఏడాదిన్నర. పుట్టిన మూడో రోజు నుంచి గుడ్డలే వాడాం, నాలుగో నెలలో మానేద్దామనేదాకా వచ్చి, తప్పు ఎక్కడుందో తెలిశాక మళ్ళీ నిలదొక్కుకున్నాం. ఎక్కడ చూసినా ఏ కంపెనీది కొనాలి, ఏ రంగు బాగుంటుంది అన్న మాటలే ఎక్కువ, మంచినీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళకైతే ఆ సలహాలు చాలు. మన అనంతపురం, కడప, కర్నూలు వైపు సంగతి వేరు. ఎండకు మనకు కొదవ లేదు, తంటా అంతా నీళ్ళతోనే. ఉప్పునీళ్ళలో ఎలా ఉతకాలో పట్టుబడితే తాత పాత పంచె కూడా పనిచేస్తుంది, పట్టుబడకపోతే ఎంత ఖరీదైన డైపరైనా రెండు నెలలకే కంపు కొడుతుంది. అందుకే ఇందులో కొనడం గురించి కొంచెం, ఉతకడం గురించి చాలా ఉంటుంది.

ముందు మీ నీళ్ళు చూసుకోండి

ఏదైనా కొనేముందు ఈ చిన్న పని చేయండి, ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఖాళీ వాటర్ బాటిల్‌లో మూడో వంతు బోరు నీళ్ళు పోసి, స్నానం సబ్బును చాకుతో గీరి చిటికెడు పొడి అందులో వేసి, మూత పెట్టి గట్టిగా ఆడించండి. నురగ పైకి లేచి అలాగే నిలబడి, కింద నీళ్ళు తేటగా ఉంటే మీ అదృష్టం. నురగ నిలవకుండా నీళ్ళు పాలలా తెల్లబడి పైన తెట్టు కట్టిందంటే అవి ఉప్పునీళ్ళు. కొళాయి మూతి చుట్టూ, బకెట్ అడుగున, హీటర్ రాడ్ మీద తెల్లగా సున్నం పేరుకుంటున్నా అదే గుర్తు. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు మురికిని పట్టుకోకుండా వాటినే పట్టుకొని జిగటగా మారుతుంది, ఆ జిగట గుడ్డ పోగుల్లో ఇరుక్కుంటుంది, దానితోపాటు ఉచ్చ కూడా కొంత మిగిలిపోతుంది. రోజూ కొంచెం, రోజూ కొంచెం. పైకి గుడ్డ తెల్లగానే ఉంటుంది, కాబట్టి మనకు అనుమానం రాదు.

మున్సిపాలిటీ కొళాయి నీళ్ళతో కూడా ఇదే చేసి చూడండి. మా ఇంట్లో రెండు బాటిళ్ళకూ తేడా కంటికి కనిపించింది, కొళాయి నీళ్ళలో నురగ నిలిచింది, బోరు నీళ్ళలో నిలవలేదు. కొళాయి నీళ్ళు మాకు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి అన్నిటికీ వాటినే వాడే వీల్లేదు, ఎక్కడ వాడాలో ఎంచుకోవాలి. అది కింద చెప్తాను.

మొదటి రెండు నెలలకు ఏం కావాలి

పసిబిడ్డకు మొదటి రెండు నెలలు ఖరీదైనవేవీ వద్దు. పాత పంచెలు, పాత నూలు చీరలు, ఉతికి ఉతికి పలచబడ్డ తుండుగుడ్డలు చాలు. నేను కడుపుతో ఉన్న ఏడో నెలలో మా ఊరి పాతూరు అంగళ్ళలో కొత్త మల్లు గుడ్డ కొనుక్కొచ్చి, ముక్కలు చేసి, మడత పెట్టి పెట్టెలో పెట్టుకుంటే, మా అవ్వ ఒక ముక్క తీసి వేళ్ళతో నలిపి చూసి, "కొత్త గుడ్డ బిడ్డకి వద్దు మే, తొడల సందులో ఒరుసుకుంటాది, ఉచ్చ గూడా పీల్చదు" అనింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పత్తికి సహజంగా సన్నటి మైనం లాంటి పూత ఉంటుంది, నేసేటప్పుడు పడుగు దారానికి గంజి పెడతారు, ఈ రెండూ పోయేదాకా నీళ్ళు గుడ్డలోకి సరిగా దిగవు.

కావాలంటే మీరే చూడండి. కొత్త గుడ్డను పళ్ళెంలో పరిచి చెంచాతో నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడుతుంది, పళ్ళెం వంచితే జారిపోతుంది. ఒకసారి ఉతికి ఆరేశాక మళ్ళీ వేస్తే కాసేపు ఆగి మెల్లగా ఇంకుతుంది. ఐదారుసార్లు ఉతికి, ప్రతిసారీ పూర్తిగా ఆరబెట్టాక, చుక్క పడీ పడగానే మాయమై వేలెడంత తడి మరక మిగులుతుంది. అప్పుడే ఆ గుడ్డ బిడ్డకు పనికొస్తుంది. కొన్న డైపర్లలో ఉచ్చ పీల్చడానికి లోపల పెట్టే కాటన్ ప్యాడ్లకు కూడా ఇదే పరీక్ష. "కొత్త డైపర్ వేస్తే అంతా కారిపోయింది, ఇవి వేస్ట్" అని ఒక్కసారికే పక్కన పడేసేవాళ్ళలో చాలామంది ఈ పని చేయకుండానే వేసి ఉంటారు. ప్రతి ఉతుకుకూ సబ్బు అక్కర్లేదు, వేణ్ణీళ్ళలో నానబెట్టి పిండి ఎండలో వేసినా సరే.

ఎన్ని ముక్కలు అంటే, పసిబిడ్డ రోజుకు పది పన్నెండు సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తడుపుతుంది. ఒక రోజుకు సరిపడా బిడ్డ దగ్గర, ఒక రోజువి దండెం మీద. ఇరవై నాలుగు ఉంటే టెన్షన్ లేకుండా గడుస్తుంది. సైజు దాదాపు 27 అంగుళాల చదరం పెట్టుకోండి, మడత మార్చుకుంటూ ఏడాది దాకా వాడొచ్చు. మా పెద్దమ్మ కర్నూలు వైపు నుంచి వస్తూ ఎమ్మిగనూరు చేనేత తువ్వాళ్ళు ఆరు తెచ్చింది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది, అక్కడి తువ్వాళ్ళు, దుప్పట్లు మా ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. అన్నిటికంటే అవే నాకు బాగా పనికొచ్చాయి, వదులు నేత కాబట్టి నాలుగు మడతలు వేసినా గాలి ఆడుతుంది, ఎండలో గంటకల్లా ఆరిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు బిడ్డ దొడ్డి నల్లగా తారులా జిగటగా వస్తుంది, అది గుడ్డకు పట్టుకుంటే వదలదు. ఆ రోజులకు పారేసినా ఫర్వాలేని పాత గుడ్డలు వాడండి, పిర్రలకు పలచగా కొబ్బరినూనె రాస్తే ఒంటికి అంటుకోకుండా వస్తుంది.

గుడ్డలు వాడితే ఇంకో మేలుంది. ఐదో రోజు దాటాక, పాలు సరిపోతున్న బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు ఉచ్చ పోయాలి. డాక్టర్ గారు "ఎన్నిసార్లు పోస్తోంది?" అని అడిగినప్పుడు నేను బకెట్లో గుడ్డలు లెక్కపెట్టి చెప్పేదాన్ని. పారేసే డైపర్లో ఎన్నిసార్లు పోసిందో తెలిసేది కాదు.

మడత, తొడగడం

తేలికైన మడత ఏదంటే, గుడ్డను పొడుగ్గా పట్టీలా మడిచి కవర్ లోపల పెట్టడం. కవర్ అంటే బయటి పొర, నీళ్ళు బయటికి రాకుండా లోపల సన్నటి పూత ఉన్న బట్ట, పక్కన టిచ్ బటన్లు, కాళ్ళ దగ్గర ఎలాస్టిక్ ఉంటాయి. పగటిపూట ఇంట్లో ఉన్నప్పుడు కవర్ కూడా అక్కర్లేదు, ఉత్త గోచీ చాలు. దానికి ఈ మడత నేర్చుకోండి. చదరపు గుడ్డను నాలుగు పొరలయ్యేలా మడిచి చిన్న చదరం చేయండి. పైపొర మూల ఒక్కటే పట్టుకొని పక్కకు లాగితే ఒక వైపు త్రికోణంగా పరుచుకుంటుంది. ఇప్పుడు మొత్తం తిరగేసి, మిగిలిన చదరాన్ని మధ్య వైపుకు రెండు మూడు మడతలు వేస్తే త్రికోణం నడుమ మందమైన పట్టీ వస్తుంది. త్రికోణం వెడల్పు వైపు బిడ్డ నడుము కింద ఉంచి, పట్టీ కాళ్ళ మధ్య నుంచి పైకి తెచ్చి, రెండు కొసలూ ముందుకు తెచ్చి ముడి వేయాలి. బొమ్మ మీద నాలుగుసార్లు చేసి చూడండి, ఐదోసారి నిద్రలో కూడా వస్తుంది. పిన్నీసు మాత్రం వాడకండి, ముడే మేలు.

బొడ్డు ఊడేదాకా గుడ్డ ముందు భాగం బొడ్డు కిందికే మడవాలి, దానికి తడి తగలకూడదు, ఒత్తిడి పడకూడదు. బొడ్డు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. ఇంకొక మాట, పొత్తిగుడ్డల్లో చుట్టేటప్పుడు కాళ్ళు నిటారుగా సాగదీసి బిగించడం మన వైపు అలవాటుంది, అది తుంటి కీళ్ళకు మంచిది కాదు. కాళ్ళు మోకాళ్ళ దగ్గర వంగి, కప్పలా పక్కలకు విచ్చుకొని ఉండనివ్వండి. మధ్యలో గుడ్డ మందంగా ఉండడం దానికి అడ్డం కాదు.

కవర్ వేసినప్పుడు మూడు చూడండి. ఎలాస్టిక్ తొడ మీద కాకుండా తొడ, పొత్తికడుపు కలిసే గీతలో కూర్చోవాలి. నడుము దగ్గర మీ రెండు వేళ్ళు దూరాలి. లోపలి గుడ్డ కొస ఒక్క పోగు కూడా బయటికి కనిపించకూడదు, కనిపిస్తే వత్తిలాగా తడిని బయటికి లాక్కొచ్చి పావడాలు, పక్కబట్టలు అన్నీ తడుపుతుంది. కారుతోందని ఫిర్యాదు చేసే పది మందిలో తొమ్మిది మందికి ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పి ఉంటుందని నా నమ్మకం. పెళ్ళికి పోతున్నామని నేను ఒకసారి రెండు ప్యాడ్లు కుక్కి, బటన్లు బిగించి వేశాను. ఇంకా ఎక్కువ కారింది. స్పాంజిని గట్టిగా పిండితే నీళ్ళు వచ్చినట్టే, బిగించిన గుడ్డ తాగిన నీటిని వదిలేస్తుంది.

బిడ్డ నాలుగైదు కిలోలు దాటాక కొనడం

వన్ సైజ్ అని అమ్మేవి బటన్లు మార్చుకుంటూ రెండేళ్ళు దాటే దాకా వస్తాయి. ఒకేసారి ఇరవై కొనకండి, ఆఫర్ ఉన్నా సరే. రెండు రకాలవి ఒక్కొక్కటి తెచ్చి రెండు వారాలు వాడండి, మీ బిడ్డ తొడల లావుకు ఏది సరిపోతుందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆరు కవర్లు, పన్నెండు పదిహేను ప్యాడ్లు ఉంటే పగలంతా గడుస్తుంది, తడిసినప్పుడల్లా ప్యాడ్ మార్చి కవర్ తుడిచి మళ్ళీ వాడొచ్చు, దొడ్డి అంటితే తప్ప.

ప్యాడ్లలో మైక్రోఫైబర్ అని తువ్వాలులా బుసబుసగా ఉండేవి ఉంటాయి. వేగంగా పీలుస్తాయి, చౌక. కానీ వాటిని బిడ్డ చర్మానికి నేరుగా తగలనివ్వకండి, ఒంట్లోని తేమను కూడా లాగేసి ఎర్రగా చేస్తాయి. కవర్‌లో సంచిలా ఉండే జేబు లోపల పెట్టాలి, లేదా పైన ఇంకో గుడ్డ వేయాలి. మన నీళ్ళలో ఆ బుసబుస పోగుల్లో సున్నం త్వరగా ఇరుక్కుంటుంది కూడా. అందుకే నా మాట వింటే మన వైపు వాళ్ళు విప్పి పరిచి ఆరేసుకునే కాటన్ రకమే తీసుకోండి. ఏడు పొరలు కలిపి కుట్టేసిన మందపు ప్యాడ్ల కంటే, మడిచి పెట్టుకునే పెద్ద గుడ్డ తేలిగ్గా ఉతకబడుతుంది, తేలిగ్గా ఆరుతుంది.

పాతకాలం ప్లాస్టిక్ నిక్కర్లు ఇంకా అమ్ముతున్నారు, మన ఎండలకు అవి పూర్తిగా వద్దు.

అసలు పని: ఉతకడం

బిడ్డ పుట్టకముందే ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఉతికేది ఎవరు? బాలింత కాదు. ఆపరేషన్ అయితే అసలే కాదు, కుట్లు పచ్చిగా ఉండగా తడి బకెట్ ఎత్తకూడదు. మా ఇంట్లో పుట్టింట్లో ఉన్నన్నాళ్ళు మా అమ్మ, తర్వాత మా ఆయన ఉతికారు. ఆయన ఉదయం ఆఫీసుకు పోయేముందు అరగంటలో అయిపోయేది. ఈ ఒప్పందం లేకుండా మొదలుపెడితే పది రోజుల్లో అలసిపోయి గుడ్డలను తిట్టుకుంటారు.

తడిసిన గుడ్డలను నీళ్ళల్లో నానేసి ఉంచకండి. గాలి తగిలే ప్లాస్టిక్ బుట్టలో పొడిగా వేయండి, మూత అక్కర్లేదు, గాలి ఆడితే వాసన తక్కువ. రోజుకొకసారి, మహా అయితే రెండు రోజులకొకసారి ఉతికేయాలి. నీళ్ళ బకెట్ పక్కన పెట్టుకోవద్దనడానికి వాసన కంటే పెద్ద కారణం ఉంది. పాకే బిడ్డ బకెట్ అంచు పట్టుకొని తలకిందులుగా పడితే, అడుగున జానెడు నీళ్ళున్నా ప్రాణం పోతుంది, చప్పుడు కూడా వినపడదు. ఉతకడం అయిపోగానే బకెట్ బోర్లించేయండి. బచ్చలి (స్నానాల గది) తలుపు గడియ వేయండి.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ దొడ్డి నీళ్ళలో కరిగిపోతుంది, చల్లటి నీళ్ళలో ఒకసారి జాడిస్తే చాలు. ఆరో నెలలో రాగి జావ, అన్నం మొదలయ్యాక మాత్రం గట్టిపడుతుంది, ముందు దాన్ని టాయిలెట్‌లో రాల్చి, పైపుతో కొట్టి, ఆ తర్వాతే బుట్టలో వేయాలి. దొడ్డి మరకకు మొదటే వేణ్ణీళ్ళు తగలనివ్వకండి, మరక పట్టుకుంటుంది.

ఇక ఉతికే వరుస. మొదట బోరు నీళ్ళలో చల్లగానే రెండుసార్లు జాడించి గట్టిగా పిండండి, ఉచ్చ చాలావరకు ఇక్కడే పోతుంది. రెండోది సబ్బు ఉతుకు, దీనికి కొళాయి నీళ్ళు వాడండి, వీలైతే వేడిగా. కొళాయి నీళ్ళు లేని రోజు బోరు నీళ్ళలోనే బకెట్‌కు ఒక పెద్ద చెంచా బట్టల సోడా వేసి కలిపి, ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాత సర్ఫు పొడి వేయండి. అంగట్లో వాషింగ్ సోడా అని అడిగితే ఇస్తారు, వంటసోడా కాదు. సోడా నీళ్ళలోని కాల్షియాన్ని పట్టుకొని కిందికి దింపేస్తుంది, సర్ఫు తన పని తాను చేసుకుంటుంది. చేతులు మండుతాయి కాబట్టి గ్లౌజులు వేసుకోండి. మూడోది జాడించడం, నురగ పూర్తిగా పోయేదాకా, చివరి నీళ్ళు కొళాయివైతే మంచిది. చివరి జాడింపు నీళ్ళు పారబోయకండి, ఆ రోజే టాయిలెట్‌కు వాడుకోవచ్చు, నీళ్ళ విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మార్చి నుంచి జూన్ దాకా మిద్దె మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం రెండు మూడు గంటలకు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి కదా, సబ్బు ఉతుకు ఆ వేళకు పెట్టుకుంటే హీటర్ వేసే పని లేదు. ఉత్త కాటన్ గుడ్డలను ఎప్పుడైనా ఉడకబెట్టొచ్చు. కవర్లను మాత్రం ఉడకబెట్టకూడదు, ఇస్త్రీ చేయకూడదు, ఆ నీళ్ళాపే పూత విడిపోతుంది.

మెషీన్‌లో వేసేవాళ్ళు ముందు ఒక చిన్న ఉతుకు, తర్వాత అసలు ఉతుకు వేయండి, డ్రమ్ములో పావు వంతు ఖాళీ ఉంచండి. వాసన కోసం పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దే వద్దు, గుడ్డ పోగుల మీద పూతలా కూర్చుని పీల్చుకోనివ్వదు. క్రిములు పోతాయని ప్రతి ఉతుకుకూ యాంటీసెప్టిక్ ద్రవం పోసే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది, అది సరిగా పోకుండా మిగిలితే బిడ్డ చర్మం మండుతుంది. బాగా ఉతికి మన ఎండలో ఆరేసిన గుడ్డకు అది అక్కర్లేదు. కుంకుడు రసం మెత్తనిదే కానీ రోజూ ఉచ్చ గుడ్డలకు చాలదు.

నాలుగో నెలలో మాకు జరిగింది

చిన్నబిడ్డ గుడ్డలకు సబ్బు వీలైనంత తక్కువ వేయాలని ఎవరో చెబితే నమ్మి, బకెట్‌కు అర చెంచా సర్ఫు వేసి బోరు నీళ్ళతోనే ఉతుకుతూ పోయాం. ప్యాడ్లు దండెం మీద నుంచి తీస్తే అప్పడాల్లా పెళపెళమనేవి, మడిస్తే మడత దగ్గర తెల్లటి గీత పడేది. ఒకరోజు తెల్లవారి పాప డైపర్ విప్పితే ఘాటుకు నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పిర్రలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆ పూట ఎంత బాధపడ్డానో చెప్పలేను, నా పట్టుదలకు బిడ్డ శిక్ష అనుభవిస్తోందనిపించింది. వారం రోజులు గుడ్డలు ఆపేశాం.

ఆ ఘాటు అమోనియాది. పోగుల్లో మిగిలిపోయిన ఉచ్చ మీద కొత్త ఉచ్చ పడితే, లోపలి బ్యాక్టీరియా దాన్ని అమోనియాగా మారుస్తుంది. సబ్బు తక్కువ వేయడమే తప్పు, సబ్బు చాలినంత వేసి బాగా జాడించడమే ఒప్పు. మీకు ఇలా జరిగితే, ముందు కాటన్ ప్యాడ్లు మాత్రం తీసి, బకెట్ వేణ్ణీళ్ళలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి మూడు నాలుగు గంటలు నానబెట్టండి. పేరుకున్న సున్నం కరుగుతుంది, మాకు నీళ్ళు మబ్బుగా మారి అడుగున బూడిదలాంటిది దిగింది. బాగా జాడించాక సోడా, సర్ఫుతో వేడి నీళ్ళలో రెండుసార్లు ఉతికి, నురగ పోయేదాకా జాడించి ఎండలో వేయండి. నిమ్మ ఉప్పు, సోడా ఒకేసారి కలపకండి, ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. బ్లీచింగ్‌తో అయితే నిమ్మ ఉప్పు అసలు కలపకూడదు, విషవాయువు వస్తుంది. కవర్లకు నిమ్మ ఉప్పు వద్దు. ఆ తర్వాత నేను రెండు నెలలకోసారి ఇలా చేస్తూ వచ్చాను, మళ్ళీ ఆ వాసన రాలేదు.

ఎండ, గాలి, ముసురు

ప్యాడ్లు, గుడ్డలు నేరుగా ఎండలోనే వేయండి, పసుపు మరకలు రెండు ఎండలకు వాటంతటవే పోతాయి. కవర్లు నీడలో, గాలి తగిలేచోట వేయాలి. మన ఏప్రిల్ ఎండలో కవర్ రోజంతా వేలాడితే ఎలాస్టిక్ ఏడాదికే వదులవుతుంది. తడి ప్యాడ్ బరువుకు కవర్ సాగిపోకుండా వేరువేరుగా ఆరేయండి. ఆషాఢ గాలికి మిద్దె మీద క్లిప్పు లేని గుడ్డ ఏదీ నిలవదు, పైగా ఎర్రదుమ్ము పట్టి మళ్ళీ ఉతకాల్సొస్తుంది, ఆ నెలల్లో గోడ చాటున దండెం కట్టుకోండి. పెళుసుగా ఆరిన గుడ్డను మడిచేముందు రెండు చేతులతో నలిపితే మెత్తబడుతుంది.

అక్టోబరు, నవంబరు ముసుర్లకు మందపు ప్యాడ్లు రెండు రోజులైనా ఆరవు. పలచటి గుడ్డలు ఫ్యాను కింద రాత్రికి రాత్రే ఆరుతాయి, పంచె ముక్కలు దాచుకోమనేది అందుకే.

ఒరుపు, రాత్రులు, ప్రయాణాలు

పగలు రెండు గంటలకొకసారి మార్చండి, దొడ్డి పోతే వెంటనే. మే నెలలో కవర్లు మానేసి పాపను ఉత్త గోచీతో చాప మీద వదిలేసేవాళ్ళం, రోజుకు కాసేపైనా ఒంటికి గాలి తగలాలి. పౌడర్ చల్లకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ర్యాష్ క్రీము రాయాల్సొస్తే పైన పలచటి గుడ్డ ముక్క వేయండి, లేకపోతే క్రీము ప్యాడ్‌కు పట్టుకొని పీల్చుకోనివ్వదు. ఎరుపు మూడు రోజులకు తగ్గకపోయినా, పొక్కులు, చీము, జ్వరం ఉన్నా, తొడల మడతల్లో ముదురు ఎరుపు మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు చుక్కల్లా కనిపించినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. చివరిది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు.

రాత్రులకు రెండు ప్యాడ్లు వేసి, కవర్ ఒక బటన్ వదులుగా పెట్టండి. అప్పటికీ బిడ్డ నిద్ర చెడుతుంటే రాత్రికి ఒకటి పారేసే డైపర్ వేయండి, తప్పేమీ లేదు. మేం కూడా కొన్నాళ్ళు అదే చేశాం. రోజుకు ఆరు పారేసేవి వాడాల్సిన చోట ఒక్కటే వాడుతున్నారంటే నెలకు నూట యాభై తగ్గినట్టు, ఒక్కోటి పది పన్నెండు రూపాయలు వేసుకున్నా ఆ డబ్బు ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆ ఒక్కటి కూడా కాగితంలో చుట్టి చెత్తబండికి విడిగా ఇవ్వండి. చెత్త నిర్వహణ నిబంధనల్లో ఆ మాట ఉంది, మన చేతిలోంచి పోయాక దాన్ని పట్టుకునేది ఇంకో మనిషి చెయ్యే.

బెంగళూరుకు బస్సులో పోయేటప్పుడు నాలుగు డైపర్లు ఇంట్లోనే ప్యాడ్ పెట్టి సిద్ధం చేసుకొని, తడిసినవి వేసుకోవడానికి జిప్ ఉన్న నీళ్ళు కారని సంచి ఒకటి పెట్టుకోండి. బస్సు ఎక్కేముందు మార్చండి, దిగాక మార్చండి, మధ్యలో ఆగినచోట ఒకసారి.

బిడ్డ పెరిగాక చిన్నవన్నీ ఒక్క మడత కూడా తడి లేకుండా ఆరబెట్టి, వేపాకు వేసి పాత దిండు గలీబులో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో కాదు. మా పాప మొదటి గుడ్డలు పద్దెనిమిది మిగిలాయి, కవర్లలో రెండింటికి ఎలాస్టిక్ వదులైంది. మా వీధి టైలరు కుట్టు విప్పి కొత్తది వేసిచ్చాడు. వచ్చే నెల మా చెల్లెలి కాన్పు, అవన్నీ మళ్ళీ ఒకసారి ఉతికి నిన్ననే మిద్దె మీద ఆరేశాను.